టచప్ మాస్టారి పన్నెండో ఫోటో

ఊళ్ళో అందరూ ఆయన్ని టచప్ మాస్టారు అంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. నలభై ఏళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు, అంతే. మెల్లకన్ను ఉన్నవాడికి చూపు సరిచేసి ఇచ్చాడు. బట్టతల మీద జుట్టు మొలిపించాడు. ఎంతమంది మొహాల మీద మొటిమలు తుడిచాడో ఆయనకే తెలీదు. "మొహం దేవుడిస్తాడు, ఫోటో మాస్టారిస్తాడు" అని ఆ వీధిలో ఒక సామెత కూడా పుట్టింది. దాన్ని పుట్టించింది ఆయనేనని గిట్టనివాళ్ళు అంటారు. నిజమే అయ్యుండొచ్చు.

అలాంటి మనిషి దగ్గరికి పోయి పోయి ఆ ఫోటోగ్రాఫరమ్మ, "ఉన్నది ఉన్నట్టు ప్రింటు చెయ్యండి మాస్టారూ, ఒక్క చుక్క కూడా దిద్దొద్దు" అంది. దొంగచేతికి తాళాలివ్వడమంటే ఇదే. కానీ పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మనిషెత్తు ఫోటోలు ప్రింటు చేసే మెషీను ఊరు మొత్తానికి ఆయన దగ్గరే ఉంది.

మొత్తం పన్నెండు ఫోటోలు. మనసు బాగోలేని పన్నెండు మందివి. వాళ్ళు నటులు కారు, డబ్బులిచ్చి కూర్చోబెట్టిన వాళ్ళూ కారు. ఆసుపత్రి వరండాలో ఆవిడకి పరిచయమైన మామూలు మనుషులు. ఎవరి ఫోటో ఎక్కడ తియ్యాలో, ఎలా తియ్యాలో వాళ్ళే చెప్పారు. ప్రతి ఫోటో కిందా వాళ్ళు చెప్పిన మాట ఒక్కటి. వీటిని పార్కులో నడకదారి పొడుగునా ఇనప చట్రాలకి బిగిస్తారు. పక్కనే ఒక తాడు కట్టి క్లిప్పులు పెడతారు. చూసినవాళ్ళు తమకి తోచింది చీటీ మీద రాసి ఆ తాడుకి తగిలించొచ్చు.

మాస్టారు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. బల్ల కింద ముడుచుకుని పడుకున్న పెద్దమనిషిని అలాగే ప్రింటు చేశాడు. వారం రోజులు దువ్వుకోని జుట్టుతో కూర్చున్న లెక్చరర్నీ అలాగే వదిలేశాడు. చెయ్యి దురద పెట్టినా ఓర్చుకుని పదకొండు పూర్తి చేశాడు. పన్నెండోది తెరమీదికి వచ్చింది. అది ఆయన కూతురు బుల్లి.

ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు. బుల్లి గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఎనిమిది నెలలుగా సెలవులో ఉంది. అక్కడివాళ్ళు ఆ సెలవుని దొంగసెలవు అంటున్నారని కూడా ఆమెకి తెలుసు. ఫోటో తీయించుకునే ముందు తండ్రికి చెప్పింది. "చూసినవాళ్ళందరికీ బాగానే ఉన్నాను, బాగానే ఉన్నాను అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది నాన్నా. ఒక్కసారి నా మొహమే చెప్పేస్తే ఇంక నేను చెప్పక్కర్లేదు కదా" అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ పిల్ల, ఎనిమిది నెలల్లో ఒక కోరిక కోరింది. మాస్టారు "నీ ఇష్టం తల్లీ" అన్నాడు. నోటితో అన్నాడు.

ఫోటోలో బుల్లి మంచం అంచున కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది చేతిలో ఉంది. కింద వాక్యం: "ఆ రోజు రెండో చెప్పు వేసుకోవడానికి మూడు గంటలు పట్టింది." కళ్ళ కింద నల్లటి చారలు. కనుబొమల మధ్య నిలువుగా ఒక మడత. కిందికి జారిన పెదవుల చివర్లు. ఆ చూపు కెమెరా వైపే ఉంది కానీ, దేన్నీ చూడడం లేదు.

మాస్టారు చాలాసేపు ఆ మొహంకేసి చూశాడు. ఇలాంటి మొహం ఆయనకి కొత్త కాదు, కొత్తయితే బాగుండేది. ఇంత పెద్ద బొమ్మలో ఆ చారల్ని ఊరంతా చూస్తుందనుకుని, కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు. వెలుతురు మాత్రం కొంచెం సరిచేద్దాం అనుకున్నాడు. వెలుతురు సరిచెయ్యడం దిద్దడం కిందికి రాదు కదా! తర్వాత చారలు కొంచెం. చారలు పోయాక మడత ఒక్కటీ ఎబ్బెట్టుగా కనబడింది. మడత తీశాక పెదవుల చివర్లు ఒక్క వెంట్రుకవాసి పైకి లేపాడు. గంట తిరిగేసరికి తెర మీద చక్కటి పిల్ల కూర్చుని ఉంది. "ఇదీ నా కూతురు" అనుకుని ప్రింటు నొక్కాడు. తండ్రి మనసు అలాంటిదని సరిపెట్టుకోవచ్చు. నేను మాత్రం సరిపెట్టుకోను. ఆ పిల్ల అడిగింది అది కాదు.

శనివారం పనివాళ్ళు చట్రాలు నాటారు. ఫోటోగ్రాఫరమ్మకి ఇంకో ఊళ్ళో పని పడింది, మంగళవారం దాకా రానంది. "అప్పటిదాకా మీరే చూసుకోవాలి మాస్టారూ, సాయంత్రం చీటీలు తీసి దాచండి" అని అప్పజెప్పి, ఫోటోలు బిగించకముందే వెళ్ళింది.

ఆదివారం పొద్దున్నే పార్కు కిటకిటలాడింది. నడకకొచ్చిన పెద్దమనుషులు మొదటి ఫోటో దగ్గరే ఆగి తీర్పులు మొదలెట్టారు.

"కడుపు నిండిన జబ్బులండీ ఇవన్నీ. మా రోజుల్లో ఎక్కడున్నాయి?" అన్నాడొకాయన.

"మీ రోజుల్లోనూ ఉన్నాయి లెండి, తలుపేసి గడియ పెట్టేవాళ్ళు" అంది పక్కనే బూట్ల లేసు కట్టుకుంటున్న ఒక ముసలావిడ, తల ఎత్తకుండానే. ఆయన రెండో ఫోటో వైపు నడిచాడు.

ఒక తల్లి పిల్లాడి కళ్ళు మూసి గబగబా లాక్కుపోయింది. వాడు వేళ్ళ సందుల్లోంచి అన్నీ చూసుకుంటూనే పోయాడు. ఇద్దరు కాలేజీ పిల్లలు నవ్వుకుంటూ వచ్చారు. ఐదో ఫోటో దగ్గర ఒకమ్మాయి నవ్వడం మానేసింది. రెండో అమ్మాయి అది కనిపెట్టి ఏమీ అడక్కుండా ఆమె చెయ్యి పట్టుకుంది. యూనిఫారంలో ఉన్న ఒక బస్సు కండక్టరు, బల్ల కింద పడుకున్న పెద్దమనిషి ఫోటో ముందు పావుగంట నిలబడ్డాడు. డ్యూటీకి ఆలస్యమవుతున్నట్టు మాటిమాటికీ గడియారం చూసుకున్నాడు, కదల్లేదు. చివరికి ఒక చీటీ రాసి మడిచి తగిలించాడు. సాయంత్రం విప్పి చూస్తే అందులో ఇలా ఉంది: "నాకూ ఇంతే. మా ఆవిడకి తెలీదు."

తాడు నిండా చీటీలే. "రోజూ నడవండి, అదే పోతుంది." "ధైర్యంగా ఉండాలి." "ఈ ఫోటోలు పిల్లలు తిరిగే చోట పెట్టడం తప్పు." "ఏడో ఫోటోలో ఉన్నావిడకి నమస్కారం. మా తమ్ముడికి మీలా చెప్పడం వచ్చుంటే బతికి ఉండేవాడు." ఆ చీటీ చదివి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అయితే ఆయన ధ్యాసంతా పన్నెండో ఫోటో మీదే ఉంది. పదకొండు ఫోటోల దగ్గరా మొహాలు వేలాడేసుకున్న జనం అక్కడికి వచ్చేసరికి తేలికపడుతున్నారు. కొందరు నవ్వుతున్నారు కూడా. మొదటి పూట ఆయనకి అది గర్వంగానే అనిపించింది. మధ్యాహ్నం ఆ ఫోటోకి దగ్గరగా ఒక బెంచీ మీద కూర్చుని మాటలు వినడం మొదలుపెట్టాడు.

"ఈ అమ్మాయికేం జబ్బు? చామంతిపువ్వులా ఉంది."

"చెప్పు తెగిందేమో పాపం, కుట్టేవాడు దొరికేసరికి మూడు గంటలు పట్టుంటుంది!"

"మిగతావాళ్ళు నిజం మనుషులు. ఈ పిల్లని మాత్రం అందం కోసం పెట్టారు."

మాస్టారికి చెవుల్లో సీసం పోసినట్టయింది. లేచి ఏదో చెప్పబోయాడు. ఏం చెప్తాడు? మళ్ళీ కూర్చున్నాడు. ఇంతలో గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆవిడా, అక్కడి గుమాస్తా కలిసి వచ్చారు. ఇద్దరూ ఆయనకి తెలుసు. ఆయన ఆ బెంచీ మీద ఉన్నట్టు వాళ్ళకి తెలీదు.

"ఇదండీ జబ్బు!" అంది ఆవిడ. "ఎనిమిది నెలల సెలవు! నాకు పెళ్ళినాడు కూడా ఇంత కళ లేదు."

"మనక్కూడా ఇలాంటి జబ్బొకటి వస్తే బాగుణ్ణు" అన్నాడు గుమాస్తా. "హాయిగా ఇంట్లో కూర్చుని ఒక్కో చెప్పూ వేసుకోవచ్చు."

ఇద్దరూ పగలబడి నవ్వుకుంటూ వెనక్కి తిరిగారు. వెనకాల బుల్లి నిలబడి ఉంది.

ఎనిమిది నెలల్లో ఆసుపత్రికి కాక ఇంకో చోటికి ఆమె గడప దాటడం అదే మొదలు. తన మొహం తన బదులు మాట్లాడుతుంటే వినాలని వచ్చింది. వాళ్ళిద్దరూ పక్కకి తప్పుకుని వెళ్ళిపోయారు. బుల్లి వాళ్ళని చూడలేదు, ఫోటోనే చూస్తోంది. చూసి చూసి, బెంచీ దగ్గర లేచి నిలబడిన తండ్రివైపు తిరిగింది.

"నువ్వా?"

"కొంచెం... వెలుతురు సరిచేశానమ్మా."

"అది నేను కాదు నాన్నా" అంది బుల్లి. అరవలేదు, ఏడవలేదు. వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయింది. మాస్టారు రెండడుగులు వెంట వేసి ఆగిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె గది తలుపు మూసి ఉంది. మాత్రల డబ్బా వంటింటి గట్టు మీద పెట్టేసి ఉంది, మాకొద్దు అని పొరుగింటివాళ్ళ గిన్నె తిరిగిచ్చేసినట్టు. మాస్టారి అక్క ఆ గట్టు దగ్గరే నిలబడి ఉంది. ఆయన భార్య పోయినప్పట్నించీ ఆ ఇల్లు చూసుకునేది ఈ పెద్దక్కే. మంచిదే, కానీ లోకానికి జడిసే మనిషి. పక్కింట్లో దగ్గు వినబడినా మనవాళ్ళ గురించే దగ్గారంటుంది.

మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు. "బుల్లీ, గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి కదమ్మా."

"ఎందుకు?" అని లోపల్నించి వినిపించింది. "నాకేం లేదుగా. ఊరంతా చూశారు, బాగున్నాను. వాళ్ళు నమ్మకపోతే నేనే చెప్పుకునేదాన్ని నాన్నా. నువ్వే నమ్మలేదు."

తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. సోమవారం పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. పెద్దక్క ఆ పళ్ళెం పట్టుకుని తమ్ముడి పక్కన కూలబడి, గొంతు తగ్గించి అంది.

"అచ్చం తల్లి పోలికేరా. ఎంత దాచినా ఆ పోలిక ఎక్కడికి పోతుంది?"

"అక్కా!" అన్నాడు మాస్టారు. ఆ ఇంట్లో ఆ మాట అనకూడదని ఇరవై ఏడేళ్ళుగా కట్టుబాటు. ఆ కట్టుబాటు పెట్టింది ఆయనే.

బుల్లికి నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. ఆ పిల్లకి తల్లి గొంతు గుర్తులేదు, చెయ్యి గుర్తులేదు. ఆమెకి తెలిసిన తల్లి ఆల్బంలో ఉంది. ప్రతి ఫోటోలోనూ గుండ్రటి నున్నటి మొహం, మడతలేని నుదురు, నవ్వీ నవ్వని పెదవులు. చిన్నప్పుడు అద్దం ముందు ఆల్బం పట్టుకుని, "నాకెవరి పోలిక అత్తా?" అని అడిగేది. "మా నాయనమ్మ పోలికే" అనేది పెద్దక్క. నాయనమ్మ ఫోటో ఇంట్లో లేదు కనక ఆ అబద్ధానికి ఢోకా లేదు. మాస్టారు అవునన్నట్టు తలూపేవాడు. అంతకన్నా పెద్ద పాపం ఇంకోటుంది. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు అడిగేది, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?" అని. బుల్లి లేదండీ అనేది. పక్క కుర్చీలో మాస్టారు గోడమీద కేలెండరు చూస్తూ కూర్చునేవాడు.

ఆ రోజుల్లో ఈ జబ్బుకి వీధిలో ఒకటే పేరు, ఆ పేరు ఎవరి నోటా రాకూడదని ఆయన తాపత్రయం. భార్య పొద్దున్న లేవలేకపోతే నీరసమన్నాడు. పిల్ల ఏడుస్తున్నా వినపడనట్టు గోడకేసి చూస్తూ కూర్చుంటే నిద్రలేమి అన్నాడు. అప్పుడప్పుడు స్టూడియోకి తీసుకొచ్చి, సగం మబ్బులు వేసి వదిలేసిన పరదా ముందు స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీసేవాడు. రాత్రికల్లా దిద్దేసేవాడు. ఆ ఫోటో చూసుకుని ఆమె ఒకసారి అంది, "ఈవిడెవరండీ? చాలా బాగుంది, నాకూ పరిచయం చెయ్యండి." ఆయన నవ్వాడు. హాస్యమాడుతోందంటే తేరుకుంటోందనుకున్నాడు, అంత తెలివైనవాడు!

చివరిసారి తీసినప్పుడు ఆమె స్టూలు దిగకుండా అడిగింది. "ఈ ఒక్కటీ దిద్దకుండా ఇవ్వండి. పిల్ల పెద్దయ్యాక నన్ను చూడాలి కదా."

"అలాగే, రేపిస్తాను" అన్నాడు మాస్టారు.

ఇవ్వలేదు. అలవాటు చొప్పున దాన్నీ దిద్దాడు. ఆమె అడిగింది గుర్తొచ్చి ప్రింటు వెయ్యకుండా కవర్లో పెట్టి ఊరుకున్నాడు. నెల తిరక్కుండా జ్వరమొచ్చి ఎనిమిది రోజుల్లో పోయింది. "జ్వరం పెద్దది కాదండీ, ఆవిడకే బతకాలని లేదు" అన్నాడు చూసిన డాక్టరు. ఆ మాట కూడా మాస్టారు ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం పొద్దున్న ఆయన స్టూడియో వెనక గది తాళం తీశాడు. ఒకప్పుడు అది ఫోటోలు కడిగే చీకటి గది, ఇప్పుడు సామాన్ల కొట్టు. మూలనున్న బీరువాలో కింది సొరుగు నిండా కవర్లు. ఫోటో తీయించుకుని మళ్ళీ రానివాళ్ళవి. ఒక్కటీ పారెయ్యలేదు ఆయన. అన్నిటికన్నా అడుగున ఆ కవరుంది. మీద ఆయన దస్తూరీలోనే "ఇంట్లోది" అనీ, దాని కింద "ఇవ్వాలి" అనీ రాసుంది.

ఫిల్ము తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఫిల్ము మీద నలుపు తెల్లగా, తెలుపు నల్లగా ఉంటుంది. కళ్ళకింది చారలు అందులో పల్చగా, గాజులా కనబడతాయి. అక్కడ సన్నటి పెన్సిలుతో చుక్క పక్కన చుక్క పెట్టి నింపితే, కాగితం మీదికి వచ్చేసరికి చార ఉండదు. ఆ చుక్కలన్నీ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పట్టుగా, సమంగా, ఒకదాన్నొకటి తాకకుండా. ఎంత ఓపిగ్గా పెట్టాడో! అంత ఓపికలో సగం ఆమె పక్కన కూర్చోవడానికి ఖర్చుపెట్టి ఉంటే సరిపోయేదని ఆయనకే అనిపించింది.

దూదికి టర్పెంటైను అద్ది మెల్లిగా తుడిచాడు. పెన్సిలు మసి దూదికి అంటుకుంది. ఎడమ కన్ను కింద, కుడి కన్ను కింద, కనుబొమల మధ్య, పెదవుల చివర. ఆ చిన్న ముక్క తుడవడానికి నాలుగు దూది ఉండలు పట్టాయి. ఫిల్ముని స్కానరులో పెట్టి, కంప్యూటరులో నలుపు తెలుపులు తారుమారు చేశాడు.

తెరమీద బుల్లి కూర్చుని ఉంది.

జుట్టు ముడి వేరు, చీర వేరు. తక్కినదంతా బుల్లే. అవే చారలు, అదే నిలువు మడత, అలాగే జారిన పెదవులు. దేన్నీ చూడని ఆ చూపు కూడా అదే. అప్పుడు ఆమె వయసు ముప్ఫై ఒకటి. మాస్టారు ముసలి చేతులు రెండూ బల్లమీద పెట్టి, తలవంచుకుని భోరుమన్నాడు. ఇరవై ఏడేళ్ళ కిందట ఆమె పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

మధ్యాహ్నం ఫోటోగ్రాఫరమ్మ మండిపడుతూ వచ్చింది. పార్కు చూసే వచ్చింది.

"ఒక్కటే అడిగాను మిమ్మల్ని! ఒక్కటంటే ఒక్కటి! ఆ పిల్ల ఎంత ధైర్యం కూడగట్టుకుని కూర్చుందో తెలుసా మీకు? మీ కూతురే కావొచ్చు, ఆ మొహం మీది కాదు మాస్టారూ."

మాస్టారు రెండు పెద్ద ప్రింట్లు బల్లమీద పరిచాడు. ఒకటి బుల్లిది, దిద్దనిది. రెండోది చూసి ఆవిడ కోపం అలాగే ఆగిపోయింది.

"ఎవరీవిడ?"

"దీని తల్లి. పక్కన పెట్టనిస్తారా?"

ఆవిడ ఆ ప్రింటు అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పోయినవాళ్ళని అడక్కుండా ఇలా నలుగురిలో పెట్టడం..."

"అడిగిందమ్మా" అన్నాడు మాస్టారు. "తనే అడిగింది. నేనే ఇవ్వలేదు."

బుధవారం పొద్దున్న ఏడింటికల్లా రెండూ బిగించారు. మాస్టారు ఇంటికొచ్చి బుల్లి గది తలుపు ముందు నేలమీద కూర్చున్నాడు.

"బుల్లీ. నీ ఫోటో మార్చేశాను. నువ్వు ఎలా ఉన్నావో అలాగే ఉంది. దాని పక్కన మీ అమ్మది పెట్టాను. నువ్వెప్పుడూ చూడనిది. నేను చూడనివ్వనిది." తలుపుకి చెయ్యి ఆనించాడు. "నీకు ఆ మొహం మా నాయనమ్మ దగ్గర్నించి రాలేదమ్మా. మేం అబద్ధం చెప్పాం."

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మంచం కిర్రుమంది. మాస్టారు కదలకుండా కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకి తలుపు తెరుచుకుంది. బుల్లి రెండు చెప్పులూ వేసుకుని ఉంది.

ఇద్దరూ నడుచుకుంటూ పార్కుకి వెళ్ళారు. పార్కులో ఎండ అప్పటికే చట్రాల మీద పడుతోంది. బుల్లి తన ఫోటోని ఒక్కసారి చూసి వదిలేసింది. రెండోదాని ముందు నిలబడింది. దాని కింద వాక్యం లేదు, ఏం రాయాలో మాస్టారికి తోచలేదు. బుల్లి చెయ్యి చాచి తల్లి కంటికింది చారని వేలితో తాకింది. అదే వేలు తన కంటికిందికి తెచ్చుకుంది.

"ఎన్నాళ్ళుంది ఇలా?"

"నువ్వు పుట్టకముందు కొంచెం. పుట్టాక నాలుగేళ్ళూ."

"అమ్మ ఎప్పుడూ నవ్వుతూ ఉండేదని చెప్పావు."

"నీకు మంచి అమ్మ ఉండాలని..."

"నాకు ఉన్న అమ్మ కావాలి నాన్నా." బుల్లికి అప్పుడు ఏడుపొచ్చింది. "ఆల్బంలో ఆవిణ్ణి చూసుకుని ఎంత సిగ్గుపడేదాన్నో తెలుసా? అలాంటి అమ్మకి ఇలాంటిది పుట్టిందేమిటా అని. ఆవిడ బతికుంటే నన్ను చూసి ఎంత బాధపడేదో అని. డాక్టరు అడిగిన ప్రతిసారీ మా ఇంట్లో నేనొక్కదాన్నే అని చెప్పాను. నువ్వు పక్కనే ఉన్నావు. పక్కనే కూర్చుని విన్నావు."

మాస్టారు క్షమించమని అడగలేదు. అడిగినా ఆమె క్షమించేది కాదు. ఆ పూటకి క్షమించనే లేదు.

"రేపు ఎన్నింటికి?" అంది ముక్కు తుడుచుకుని.

"పదింటికి."

"అమ్మది చిన్న ప్రింటు ఒకటి తీసివ్వు. డాక్టరుకి నేనే చెప్తాను." తల్లి ఫోటో వైపే చూస్తూ అంది. "నువ్వు బయట కూర్చో."

"అలాగే తల్లీ" అన్నాడు మాస్టారు. ఈసారి రేపిస్తాననలేదు. "మధ్యాహ్నానికల్లా ఇస్తాను" అన్నాడు.

అప్పుడే ఆదివారం నాటి బస్సు కండక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి యూనిఫారం లేదు, వెంట భార్య ఉంది. బల్లకింద మనిషి ఫోటో దగ్గర ఆమెని నిలబెట్టి ఏదో చెప్పాడు. మాటలు ఇక్కడికి వినబడలేదు. ఆవిడ మాత్రం భర్త మోచెయ్యి పట్టుకుని మిగతా ఫోటోలన్నీ ఆ పట్టు వదలకుండానే చూసుకుంటూ వచ్చింది, ఏడ్చిన కళ్ళతో. చివరి రెండు ఫోటోల దగ్గర ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది. పక్కన నిలబడ్డ బుల్లిని చూసింది.

"ఆవిడ మీ అమ్మగారా?"

బుల్లి తలూపింది.

"చెప్పక్కర్లేదు లేమ్మా, చూస్తేనే తెలిసిపోతోంది. అచ్చం తల్లి పోలిక."

బుల్లి ఆవిడకేసి తిరిగింది. "ఏమన్నారండీ?"

ఆవిడ కంగారుపడింది. "తప్పుగా అనలేదు తల్లీ. మీ అమ్మ పోలికే నీది అన్నాను, అంతే."

"లేదండీ" అంది బుల్లి. "ఇంకోసారి అనండి."